క్వెరీకి కనబడని ముప్పై ఒక్కరు

గోదాముల సంస్థ క్వార్టర్ల అధికారి గారికి,
కలకత్తా.

అయ్యా,

విషయం: పేరు చిన్న అక్షరాలలో ఉన్న కారణంగా శ్రీమతి దుర్గాదేవి ఇంటికి శుక్రవారం వేయబోవు తాళమును ఆపించుట గురించి.

1. మా తెలుగు కార్మిక సంఘం తరఫున నూట పద్దెనిమిది క్వార్టర్ల జాబితాను ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చినవాడను నేనే. భర్త పోయాక భార్య పేరుకు మారిన ఇళ్లను పాత రిజిస్టరులో ఎర్ర సిరాతో వ్రాసే ఆచారం మాది. సంఘం ప్రింటరుకు నలుపు తప్ప రంగు లేదు. అందుచేత ఆ ముప్పై ఒక్క పేర్లు చిన్న అక్షరాలతో, మిగిలినవి పెద్ద అక్షరాలతో (క్యాపిటల్స్‌లో) కొట్టాను. చూడగానే తెలియాలని, అంతే.

2. తమ విభాగంలోని ఆశిష్ గారు దానిని కంప్యూటరుకెక్కించి, పేర్లు వెదికే క్వెరీ నడపగా ఎనభై ఏడు పేర్లే వచ్చినవి. తక్కినవి ఖాళీ ఇళ్లని నోటీసులు అంటించారు. దుర్గాదేవి లోపల అన్నం వండుతుండగా ఆ తలుపుకే "ఖాళీ" అని అంటించారు. మొదటి తాళం ఆమెకే.

3. పన్నెండవ తేదీ నుండి నాలుగుసార్లు తమ కార్యాలయానికి వచ్చినట్లు నా దినపుస్తకంలో ఉంది. నాలుగవసారి ఆమెను వెంటబెట్టుకొని వచ్చాను.

"కాకూ, సిస్టమ్‌లో లేదంటే లేదు. నేనేం చేస్తాను?" అన్నారు ఆశిష్ గారు, బెంగాలీలో నన్ను బాబాయిని చేసి.

"నానిక్కడ నిలబడి ఉన్నాను కదేటి బాబూ! మడిసి అగుపడదా?" అన్నది ఆమె.

"మాషీ, మీరు కనబడతారు. మీ పేరే రాదు."

"అయితే ఆ తాళమేదో నా పేరుకే ఏసుకోండి. ఇంటికెందుకు?"

వరుసలో ఉన్నవారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

4. తెర నా వైపు తిప్పమన్నాను. నేను బడిలో ఎనిమిది దాటలేదు గాని క్వెరీలు పుస్తకం చూసి నేర్చుకున్నాను. పేరును పెద్ద అక్షరాలలోకి మార్చి, మార్చక ముందున్న రూపంతో అచ్చంగా కలిస్తేనే తీసుకోమని అందులో షరతు. తమ డేటాబేసుకు మామూలుగా పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. తేడా చూడమని "బైనరీ" అన్న మాట ప్రత్యేకంగా చేర్చారు. యంత్రం పట్టించుకోని తేడాను మనిషి పనిగట్టుకొని నేర్పాడు. ఎందుకని అడిగితే, పెద్ద అక్షరాలలో లేనిది ఖరారు కాని పేరన్నారు. ఆ నియమం ఎక్కడుందని అడిగితే భోజనానికి లేచారు.

5. ఆ షరతు తీసివేయడం అర నిమిషం పని. దానికి పది రోజులుగా తిప్పుతున్నారు. ముప్పై ఏళ్లు తమ బస్తాలు మోసి నడుము పోగొట్టుకొని చనిపోయిన మల్లేశు భార్య దుర్గాదేవిని ఖాళీ గది అనడానికి సిగ్గుండాలి. ఈ వాక్యం కొట్టివేయను.

గురువారం లోగా క్వెరీ సరిచేయించి నోటీసులు పీకించవలెను. కోపంతో వ్రాసినా అబద్ధం వ్రాయలేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బొమ్మాళి ఢిల్లీశ్వరరావు

తా.క.: జాబితా మళ్లీ కొట్టి ఇస్తే వచ్చే నెల చూస్తామని ఆశిష్ గారు లేస్తూ అన్నారు. తిరుగు బస్సులో దుర్గాదేవి నన్ను అడిగింది: "అన్నియ్యా, మగోళ్లవి పెద్దగా కొట్టి మావి సిన్నగా కొట్టమని నీకెవులు సెప్పినారు?" ఎవరూ చెప్పలేదు. దిగి నేరుగా సంఘం ఆఫీసుకు వెళ్లి జాబితా మళ్లీ కొట్టాను.

కొత్త జాబితా జతపరిచాను. ముప్పై ఒక్కరూ పెద్ద అక్షరాలలో ఉన్నారు. నూట పద్దెనిమిదిలో చిన్న అక్షరాలలో ఉన్నది నా పేరొక్కటే. శుక్రవారం తాళం తెచ్చేటట్లయితే నా గదికి తెండి. లోపలే ఉంటాను.