విప్పి వదిలేసిన పటం

యూనివర్సిటీల పాతకళలను కంప్యూటర్‌కు ఎక్కించే పెద్దసారుకు,

మీ మీద కోపం ఏండ్ల సంది కడుపుల పెట్టుకున్న. పద్మశాలోళ్లకు కథ చెప్పే మా బొమ్మల పటాన్ని ఫోటోలు తీసుకపోయిండ్రు, ఎందుకో ఒక్క మాట చెప్పలే. పటం చినిగినంక మనిషికి చేసినట్టే కర్మ చేసి, ధర్మపురి కాడ గోదావరిల కలిపినం.

మొన్న మనుమరాలు ఫోన్ చూపెట్టి, "తాతా, గిది మన పటమే గద! నీళ్లల్ల కలిపితిరి గదనే?" అన్నది. సాగనంపిన దేవుడు అండ్ల కండ్లు తెరిచి నన్నే చూస్తుండు.

పటం విప్పితే కథ చెప్పాలె, హారతి ఇచ్చి చుట్టాలె. మీరు కంప్యూటర్ల విప్పి వదిలేసిండ్రు. ఫోన్ల చూసినప్పటిసంది ఒంటిగ కూసుంటే, కథ చెప్పేటప్పుడు కాళ్లకు కట్టే గజ్జెల సప్పుడు ఇనవడుతుంది, కథ ఎప్పుడు చెప్తవని అడిగినట్టు.

ఆ పటాన్ని కంప్యూటర్లకెళ్లి తీసేస్తరా, లేదా? శివరాత్రి లోపల జవాబు రావాలె. రాకుంటే నేనే వచ్చి మీ కంప్యూటర్ ముంగట కథ మొదలువెడుత. అయిపోయేదాక ఎవ్వలు లేపినా లేవ.