చెవి నాకు కావాలన్నాను

నాయనా,

నిన్నొక మాట అడిగి ఆపరేషను కాగితాల మీద సంతకం పెట్టి ఉంటే నీ కుడి చెవి మిగిలేదా? వినికిడి నరం మీది గడ్డను కొంచెం వదిలేస్తే చెవి దక్కవచ్చని డాక్టరు చెప్పినా, మొత్తం తీసేయమన్నాను.

ఆ తర్వాత ఉదయగిరి చర్చిలో నువ్వు ఆడవాళ్ల వైపు బెంచీ మీదికి మారావు. "ఏంది బావా, చీర కూడా కట్టుకుంటావా?" అన్నాడు సంఘపెద్ద. "మగోళ్ల పక్క కూసుంటే హార్మోనియం చచ్చిన చెవి వైపు పడతాది. నేనీడే కూసుంటా" అన్నావు. కన్నుమూసేదాకా అక్కడే కూర్చున్నావు.

ఇప్పుడు అదే గడ్డ నాకు వచ్చింది. అరుదుగా ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తుందట. నేను మత్తులో ఉన్నా చెవిలో టిక్కుటిక్కుమనిపిస్తూ, నరం పలుకుతోందో లేదో చూస్తూ కోస్తారట. ఈరోజు ఆత్మకూరు నుంచి నెల్లూరు వెళ్లి డాక్టరుతో చెప్పాను.

"నరానికి అంటుకున్న ముక్క వదిలేయండి. చెవి నాకు కావాలి."

"మళ్లీ పెరగొచ్చమ్మా."

"పెరిగితే మళ్లీ వస్తాను."

బయటికి రాగానే తమ్ముడన్నాడు: "నాయనకు మొత్తం తీయించినావు. నీకు మాత్రం మిగిలించుకుంటావా అక్కా?"

డాక్టరుకు చెప్పిన మాట మార్చుకోలేదు. ఇది నీ దగ్గర నేర్చుకున్న మొండితనమో, నీకు దక్కనివ్వనిది నేను దక్కించుకోవడమో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.