పొడల పెట్ట పాలైన గింజలు

అత్తయ్యా,

మందు వేసిన కళ్లకి కూడా కనబడాలని పెద్దక్షరాలతో రాస్తున్నాను. అన్నం, కూర స్టవ్ పక్కనే ఉన్నాయి. కోళ్లను మాత్రం వదలకండి, బచ్చలి మొలకలు ఇప్పుడే లేస్తున్నాయి. ముదురాకులు గూటి జాలీకి కట్టాను, లోపల్నుంచే పొడుచుకు తింటాయి.

ఇంకో సంగతి, కోప్పడకండి. విత్తనానికని మీరు గోడమీద చాటలో ఆరబెట్టిన గుమ్మడి గింజల్ని పొద్దున్నే పొడల పెట్ట గోడెక్కి ఊడ్చిపెట్టేసింది. పోయినేడు, కోళ్ల ఎరువుకి గుమ్మడి బాగా కాస్తుందంటూ కోళ్లున్న ప్రతి ఇంటికీ మీరు దోసిళ్లతో పంచుతుంటే "మనకేం మిగుల్తాయి?" అని సణిగింది నేనే కదా!

పక్కింటి టైలరు భార్యకి గోడమీంచి చెప్పానో లేదో, పొట్లంతో పరిగెత్తుకొచ్చింది. "మీ అత్తగారిచ్చిన విత్తనమేనమ్మా, మా పెరట్లో కాసింది. కోళ్లు కెలక్కుండా మొలకల మీద బుట్ట బోర్లించమని చెప్పిందీ ఆవిడే" అంది. ఆ వెనకే సంగతి విన్న పాలాయన ఇంకో గుప్పెడు తెచ్చాడు. చాటలో ఉన్నవాటికంటే ఇప్పుడే ఎక్కువయ్యాయి. అంతా మీ చలవే అత్తయ్యా. ఈసారి మూతున్న డబ్బాలో పోసి అలమారలో పెట్టాను.

వెళ్తున్నాను. కండక్టర్ లేకుండా బస్సు కదలదు గానీ, ఆలస్యమైతే డ్రైవర్ నోరు మాత్రం ఆగదు.

మర్చిపోయాను, డబ్బాలో కాస్త వెలితి కనిపిస్తే పెట్టని తిట్టకండి. గుప్పెడు గింజలు నా టికెట్ల సంచిలో వేసుకున్నాను. డిపో ముందు టీ కొట్టావిడ కొత్తగా కోళ్లు పెంచుతోంది. నవ్వకండి.