ముప్పై ఒకటో ప్రశ్న

యంగ్స్‌టౌన్,
మార్చి 9, ఆదివారం.

చిరంజీవి డెన్నీకి,

అమ్మ ముద్దులతో, దీవెనలతో రాసేది. ఇక్కడ నేనూ, మీ డోలీ అత్తా, ఆవిడ కొత్తగా వేయించుకున్న మోకాలిచిప్పా ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమేనని నీ దస్తూరీ చూసి తెలుసుకున్నాను. ఒంట్లో బాగోకపోతే నీ అక్షరాలు కుడివైపుకి వాలిపోతాయి. ఈసారి నిటారుగా ఉన్నాయి.

మూడు వారాలుగా ఉత్తరం రాయలేదని, ఫోనులో కూడా ముక్తసరిగా మాట్లాడుతున్నానని, కోపం వచ్చిందా అని అడిగావు. కోపం కాదు నాన్నా. చెప్పవలసినవి పోగుపడిపోయాయి. ఫోనులో మొదలుపెడితే మధ్యలో ఆ రికార్డు చేసిన ఆడగొంతు వచ్చి ఇంకో నిమిషమే ఉందంటుంది. నేను చెప్పాల్సింది నిమిషంలో అయ్యేది కాదు. అందుకే కాగితం తీశాను.

ముందు నీ ప్రశ్నలు. దగ్గు తగ్గింది. నీ నీలం కోటు భద్రంగానే ఉంది, చిమ్మెటలు కొట్టలేదు. పక్కవాళ్ళ కుక్క ఇంకా బతికే ఉంది, చూడబోతే నన్ను కూడా అదే సాగనంపేలా ఉంది. నువ్వు అక్కడ జైలు లైబ్రరీలో కూర్చుని నా రియల్ ఎస్టేట్ లైసెన్సు పరీక్ష కోసం రాసి పంపిన యాభై ప్రశ్నలూ అందాయి. నలభై నాలుగు సరిగ్గా చెప్పాను. పన్నెండోది చూసి మాత్రం నవ్వు ఆగలేదు. "ఖాళీ ఇంటి గోడలో ఉన్న రాగి పైపు స్థిరాస్తా, చరాస్తా?" అని అడిగి, కింద సన్నటి అక్షరాలతో "దీని జవాబు నాకు జడ్జిగారే నేర్పారు" అని రాస్తావా వెధవా! నవ్వాను, తరవాత కాసేపు ఏడ్చాను కూడా. ఆ మత్తుమాత్రల కోసం నువ్వు ఊళ్ళో ఖాళీ ఇళ్ళ గోడలు పగలగొట్టి పైపులు పీక్కుపోయిన రోజుల గురించి మనం వేళాకోళం ఆడుకోగలుగుతామని నేను కలలో కూడా అనుకోలేదు. జవాబు రాసుకో. గోడలో ఉన్నంతసేపు ఇంట్లో భాగమే, స్థిరాస్తి. పీకి బయటపెడితే చరాస్తి.

పాఠాలన్నీ జనవరిలోనే అయిపోయాయి. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. ముందు వరసలో కూర్చునే కుర్రకారు నన్ను చూసి మొదటిరోజు లేచి నిలబడ్డారు, పంతులమ్మని అనుకున్నారట. పందొమ్మిదేళ్ళు మన అపార్టుమెంట్ల ఆఫీసులో అద్దెకిచ్చే బల్ల దగ్గర కూర్చున్న నాకు ఈ పరీక్ష ఒక లెక్కా అనుకున్నాను. మొదటివారంలోనే ఆ గర్వం దిగిపోయింది. చేసిన పనికీ పుస్తకంలో ఉన్న పేరుకీ పొంతన ఉండదు.

లెంట్ ఉపవాసాలు మొదలయ్యాయి కదా, శుక్రవారం చర్చి నేలమాళిగలో పిరోగీల అమ్మకం. నేను పిండి చెక్కల్లో బంగాళదుంప ముద్ద కూరుతుంటే మీ డోలీ అత్త నా ప్రశ్నల చీటీలు పట్టుకుని పక్కన కూర్చుంది. చీటీల నిండా పిండే.

"పక్కవాడి స్థలంలోంచి నడిచే హక్కుని ఏమంటారే?"

"ఈజ్‌మెంట్ అంటారు."

"మరి మా పక్కింటి మహాతల్లి నలభై ఏళ్ళుగా నా పెరట్లోంచి నడిచిపోతోంది, దాన్నేమంటారు?"

"సిగ్గులేకపోవడం అంటారు వదినా."

"ఆ మాట పుస్తకంలో ఉందా?"

"ఉంటే బాగుండును, అదొక్కటైనా గుర్తుండేది."

"సరేలే, ముందా అంచులు గట్టిగా నొక్కు. నీ చదువంతా ఉడికే నీళ్ళలో తేలుతోంది" అంది. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. నువ్వు వస్తే తినడానికని రెండు డజన్లు తీసి ఫ్రీజర్లో పెట్టింది. ఇంకా నెల పైనే ఉంది కదా వదినా అంటే, "పోయిన ఏడాదీ పెట్టాను, నీకు చెప్పలేదు" అంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్ పద్దెనిమిదిన నువ్వు బయటికి వస్తావు. ఎక్కడుంటావో చిరునామా ముందే ఇస్తే పెరోల్ ఆఫీసరు వచ్చి చూసి సరేననాలి. ఇల్లు లేకపోతే వాళ్ళే ఏదో వసతిగృహంలో పడేస్తారు, అక్కడ గుమ్మంలోనే మాత్రలు అమ్ముతారని నువ్వే రాశావు. అమ్మ దగ్గరికే కదా వెళ్ళేది, నాకేం దిగులు అని కూడా రాశావు. నాన్నా, మన అపార్టుమెంట్లో నిన్ను ఉంచుకోవడానికి వీల్లేదు. కొత్త యజమానులు వచ్చి నన్ను ఆఫీసులోంచి తీసేసినప్పుడే ఒప్పందం కాగితాలు కూడా మార్చేశారు. శిక్షపడినవాళ్ళు పదేళ్ళదాకా గడప తొక్కకూడదట. ఈ ముక్క నాకు క్రిస్మస్‌కి ముందే తెలుసు. నువ్వు పండగపూట దిగులుపడతావని దాచాను. తరవాత ఎలా చెప్పాలో తెలియక దాచాను.

అప్పటినుంచి తిరిగాను. పదకొండు చోట్లకి వెళ్ళాను. ఫారంలో నీ పేరు రాసి, శిక్షపడిందా అని అడిగినచోట అవునని గుర్తుపెట్టి ఇచ్చేదాన్ని. కాగితం చదువుతున్నంతసేపూ చిరునవ్వు అలాగే ఉండేది. చివర, "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ" అనేవారు. ఎవరూ కసురుకోలేదు, అందరూ మర్యాదస్తులే. ఇంటికి వచ్చి బూట్లు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు.

అలా ఉండగా ఫిబ్రవరి ఇరవైన పరీక్ష వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. రెండు భాగాలు, ఒకటి దేశమంతటికీ ఒకేలా ఉండేది, రెండోది మన రాష్ట్రం చట్టాలది. మొదటిది హాయిగా గట్టెక్కాను. రెండోదానిలో ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. సైన్యంలో పనిచేసినవాడు, పిల్లలున్న తల్లి, వేరే దేశం నుంచి వచ్చినవాడు, జైలుశిక్ష అనుభవించినవాడు. వీరిలో ఎవరికి ఇల్లు ఇవ్వనన్నా, ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే చట్టం తప్పుపట్టదు? అదీ ప్రశ్న. జవాబు నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ దాన్ని నొక్కడానికి వేలు రాలేదు. తరవాత వద్దామని ముందుకెళ్ళాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. చివర్లో "ఒక ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు, ముగించమంటారా?" అని తెరమీద అడిగింది. ముగించమన్నాను. బయట బల్ల దగ్గర అమ్మాయి కాగితం అచ్చువేసి ఇచ్చింది. ఒక్క మార్కుతో తప్పాను డెన్నీ.

ఇది చెప్పలేకే మూడు వారాలు నీతో ముక్తసరిగా మాట్లాడాను. నువ్వు యాభై ప్రశ్నలు చేత్తో రాసి పంపావు, నేనేమో ఇలా చేసి వచ్చాను.

మంచి కబురు కూడా ఉంది, ఇప్పుడే చెబుతున్నాను, ఊపిరి పీల్చుకో. పోయిన బుధవారం లిండెన్ వీధిలో ఒక మేడమీద వాటా ఖాళీ అని కిటికీలో అట్ట చూసి తలుపు కొట్టాను. ఇల్లుగలావిడ పేరు కొన్చెట్టా, ఎనభై రెండేళ్ళు, కింద వాటాలో ఒక్కతే ఉంటుంది. తలుపు తీసిన చేతికి టమాటా గుజ్జు అంటి ఉంది. ఈసారి ఫారం దాకా ఆగలేదు, గుమ్మంలోనే చెప్పేశాను.

"మా అబ్బాయి జైల్లో ఉన్నాడండీ. ఏప్రిల్లో వస్తాడు, నాతోనే ఉంటాడు. కాదంటే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాను."

"ఏం చేశాడేమిటి?"

"ఖాళీ ఇళ్ళల్లో రాగి పైపులు పీకి అమ్ముకున్నాడు."

"ఎవర్నన్నా కొట్టాడా?"

"లేదండీ."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఈ ఇంట్లో రాగి లేదు. అంతా ఇనుమే, మా ఆయన వేసినవి. పీకితే నీ కొడుకు నడుమే విరుగుద్ది" అంది.

నవ్వాలో వద్దో తెలియలేదు. "ఇప్పుడు లోపల ప్లంబింగు నేర్చుకుంటున్నాడండీ" అన్నాను.

"అదీ! పీకేవాడికి బిగించడం కూడా వస్తే ఇంకేం కావాలి. పైన స్నానాలగదిలో కుళాయి రెండేళ్ళుగా ఏడుస్తోంది, వచ్చి దాని సంగతి చూడమను. కానీ ఒకటి చెబుతున్నా విను. ఆదివారం మధ్యాహ్నం వాడు నా బల్ల దగ్గరే తినాలి. ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహం చూడందే నేనెవర్నీ నా నెత్తిమీద ఉండనివ్వను."

తిండి పెట్టకుండా పంపలేదు. మెట్లు దిగి కారులో కూర్చున్నాక నాకు ప్రాణం లేచివచ్చింది. మంగళవారం ఆఫీసరు వచ్చి ఇల్లు చూస్తాడు. ఇంతవరకూ మంచి కబురు.

ఇప్పుడు మిగిలింది చెబుతాను. ఆ ప్రశ్న నీ మీద ప్రేమతోనే వదిలేశానని అనుకుంటున్నావు కదూ? డోలీ అత్తా అలాగే అనుకుంది. చర్చిలో నలుగురికీ చెప్పి కళ్ళు తుడుచుకుంది. నేను కాదనలేదు, పొగడ్త బాగుందనిపించి ఊరుకున్నాను. కానీ అది నిజం కాదు.

పదకొండేళ్ళ కిందట, నీకు పదిహేనేళ్ళప్పుడు, అక్టోబరులో ఒక వానరోజున ఆఫీసుకి ఒకతను వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయి. పేరు టెరెన్స్ విట్లో. చూశావా, ఇన్నేళ్ళయినా ఇంటిపేరుతో సహా గుర్తుంది. బేకరీలో పని దొరికిందని వాళ్ళిచ్చిన ఉత్తరం తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. ఫారం అంతా పొందిగ్గా నింపాడు. శిక్షపడిందా అన్నచోట అవునని రాసి, ఏం చేశాడో, ఎన్నేళ్ళున్నాడో కూడా అడగకుండానే రాశాడు. అప్పట్లో మాకు అలాంటి నిబంధనేమీ లేదు డెన్నీ. ఇవ్వొద్దని నాకెవరూ చెప్పలేదు. ఇవ్వడమైనా మానడమైనా నా ఇష్టమే.

"అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ, పది నిమిషాలైంది" అన్నాను. చాలా మెత్తగా అన్నాను.

నా వెనక గోడకి తాళాలు తగిలించే పలక ఉంది. ఖాళీ వాటాల తాళాలు మూడు, నంబరు బిళ్ళలతో సహా వేలాడుతున్నాయి. అతను వాటివైపు చూశాడు, నావైపు చూశాడు. "సరేనండీ, శ్రమ ఇచ్చాను" అన్నాడు. వాన తగ్గేదాకా వరండాలో నిలబడవచ్చా అని అడిగాడు. నిలబడమన్నాను. ముప్పావుగంట నిలబడ్డాడు. కాఫీ కూజా నా మోచేతి పక్కనే ఉంది, ఒక కప్పు ఇస్తాననలేదు. అతను వెళ్ళిపోయాక ఫారం చించేస్తూ మిగతాది చదివాను. మీతో ఎవరుంటారు అన్నచోట "మా అమ్మ" అని రాశాడు.

అతను ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు. ఈ మధ్య ఆ పేరు కోసం వెతికాను, దొరకలేదు. దొరికితే ఏమని చెప్పాలో కూడా నాకు తెలియదు. కంప్యూటర్ ముందు నా వేలు ఆగింది నీ గురించి కాదు నాన్నా. చట్టం తప్పుపట్టదు అన్న ఆ ఒక్క మాట దగ్గర నాకు ఆ తాళాలవైపు చూసిన చూపు కనిపించింది. నొక్కితే నేను చేసింది సరైనదేనని సంతకం పెట్టినట్టు అనిపించింది.

మళ్ళీ పరీక్ష ఇరవై ఏడున. రెండో భాగం ఒక్కటీ రాస్తే చాలు. ఈసారి ఆ ప్రశ్న వస్తే నొక్కుతాను. చట్టం ఏమంటుందో వాళ్ళు అడుగుతున్నారు, అది చెప్పి వస్తాను. లైసెన్సు వచ్చాక నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం ఏ పుస్తకమూ చూడక్కర్లేదు.

చిరునామా ఫారం మీ కేస్ మేనేజరుకి పంపించాను. దాని మీద కొన్చెట్టా గారి సంతకం ఉంది, నాది ఉంది. మూడోది నువ్వు పెట్టాలి, ఈ ఇంట్లో ఈ మనిషితో ఉండటానికి నాకు ఇష్టమే అని. నువ్వు చేసినవన్నీ, ఏ వీధిలో ఏ ఇల్లో కూడా దాచకుండా, విజిటింగు గదిలో నా మొహం చూస్తూ చెప్పావు. నీలాంటివాళ్ళ మొహం మీద తలుపులు వేసేవాళ్ళంటే నీకెంత మంటో కూడా చెప్పావు. అప్పుడు నేను అవునవునని తల ఊపాను. వాళ్ళల్లో మీ అమ్మ కూడా ఉంది. ఇది తెలియకుండా నీ చేత సంతకం పెట్టించుకోలేను.

పెట్టకపోయినా నువ్వు నా కొడుకువే, నీకు ఇంకో చోటు దొరికేదాకా తిరుగుతాను. పెట్టేటట్టయితే మాత్రం ఈ ఉత్తరం రెండోసారి చదివాకే పెట్టు.

ఇట్లు,
నీ జవాబు కోసం తలుపువైపు చూస్తూ ఉండే
అమ్మ