మూత లోపలి తేదీ

అమ్మకు,

నీ తొందరగాడు రాస్తున్నాడు. నేను, నీ కోడలు, పిల్లది కులాసా. నీ మోకాళ్ళు కూడా కులాసాగానే ఉన్నాయని అక్క రాసింది గానీ, నువ్వు రాస్తే తప్ప నమ్మను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. రేడియో కొట్టు పైకప్పు కారడం ఆగింది. బోర్డు మీద నీ పేరుకు మొన్ననే రంగు వేయించాను. నీ భూతద్దం పారేయలేదు. పారేయకపోవడమే మంచిదైంది, ఎందుకో చెబుతాను.

చూపు పోయి మిషను మానేసిన దర్జీ తాత లేడూ, ఆయన వాల్వు రేడియో వచ్చింది. వాల్యూమ్ నాబ్ వెనక అతుక్కుని ఉండే స్విచ్చి డబ్బీ మడతలు విప్పి, భూతద్దం పెట్టి చూశాను. అమ్మా, స్విచ్చి వేస్తే కరెంటు కలిపే చోట, బియ్యపు గింజలో సగం లేని వెండి బిళ్ళ, ఇత్తడి రేకుకు బిగించి ఉంది. కంపెనీ పని కాదది. మూత లోపల సూదితో గీసిన తేదీ ఉంది. అంకెలు నీవే. నేను పుట్టిన మూడో నెల! ఒక కాలితో నా ఉయ్యాల ఊపుతూ చేసి ఉంటావు. నా జుట్టు నెరుస్తోంది గానీ ఆ వెండి మాత్రం నిన్న పెట్టినట్టే మెరుస్తోంది. గ్రీజు ఎండిపోయి స్ప్రింగు పట్టేసింది, అంతే. నీ కోడలికి చూపిస్తే, "మనిషి చేతులేనా అత్తయ్యవి!" అంటూ ఎంతసేపటికీ భూతద్దం తిరిగివ్వలేదు.

ఇక ఇందాకటినుంచీ నాన్చుతున్న సంగతి. ఆ రేడియో పోయినేడే నా దగ్గరికి వచ్చింది. అప్పుడు డబ్బీ విప్పనే లేదు. "ఈ స్విచ్చిలు ఇప్పుడు రావు తాతా" అని రెండు వైర్లూ కలిపేసి, గోడ స్విచ్చి వాడుకోమన్నాను. నువ్వు కొట్టు నాకప్పగించిన ఈ ఎనిమిదేళ్ళూ స్విచ్చి పోయిందని వచ్చిన ప్రతి రేడియోకీ అదే చేశాను, నీ పేరున్న బోర్డు కింద కూర్చుని.

వాల్వులు వేడెక్కేదాకా అది పలకదు కదా. గోడ స్విచ్చి ఎటు వేసినా ఒకటే చప్పుడు, నాబ్ టక్కుమనకపోతే వేశాడో ఆపాడో తాతకెలా తెలుస్తుంది? ఒక మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు, ఆపాననుకుని గోడ స్విచ్చి వేసి పడుకున్నాడట. కరెంటొచ్చింది. వేడికి రేడియో కింది గుడ్డ అంటుకుంది. పక్కింటివాళ్ళు చూసి లాగేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే? అలా ఆ రేడియో మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

ఆయన నన్ను తిట్టినా బాగుండేది. "మీ అమ్మ కొట్టులో ఉన్నప్పుడు ఈ నాబ్ మాట్లాడేదిరా అబ్బాయ్" అన్నాడు, అంతే.

ఎండిన గ్రీజు తుడిచి, వైర్లు మళ్ళీ నీ స్విచ్చికే కలిపి, నిన్న తీసుకెళ్ళి ఇచ్చాను. నాబ్ తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ. "వచ్చిందిరా, మీ అమ్మ చప్పుడు!" అన్నాడు. నాకు ఏడుపాగలేదు.

వైర్లు కలిపిన మిగతా రేడియోల కోసం ఇంటింటికీ తిరుగుతున్నాను. నువ్వెంత తిట్టినా పడతాను. మూత మూసేముందు నీ తేదీ కింద నా తేదీ కూడా గీద్దామని సూది తీశాను. చెయ్యి రాలేదమ్మా. నువ్వొచ్చి, ఆ నాబ్ నీ చేత్తో తిప్పి, విని, "ఊఁ" అంటే అప్పుడు గీస్తాను.

ఇట్లు,
నీ కొడుకు,
తొందర తగ్గించుకుంటున్న తొందరగాడు