కొలతల భవనం గోడ డొల్ల కాదని మనవి

అయ్యా,

విషయం: బజారు మొదట్లో 1874లో కట్టిన కొలతల భవనమును వచ్చే సోమవారం కూల్చుటకు ఇచ్చిన ఉత్తర్వు నిలుపుదల గురించి, కనీసం ఒక్క గజం గోడ చెక్కి చూచుటకు అనుమతి గురించి.

పై విషయమై సున్నపు పని మేస్త్రీనైన నేను మునిసిపల్ కమిషనరు గారైన తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు భవనము కట్టక మునుపు ఈ ఊరిలో ఏ కొట్టు గజం ఆ కొట్టుదే. బట్టలవాడి గజం ఒక పొడవు, తాళ్ళవాడి గజం ఇంకో పొడవు. అడిగినవాడికి తన్నులు. ఈ గొడవలతో విసిగిన జనం తలా ఒక చెయ్యి వేసి, ఏడేళ్ళు కష్టపడి, ఇటుక, గానుగ సున్నంతో ఈ భవనం కట్టుకున్నారు. లోపల సరైన తూనికరాళ్ళు, మానికలు పెట్టారు. బయటి గోడలో ఇనుప గజం బిగించారు. కొన్న బట్ట తెచ్చి ఎవరైనా అక్కడ కొలుచుకోవచ్చు. కొలత తగ్గిందా, ఆ కొట్టువాడి పని అయిపోయినట్టే. అంతకు ముందు ఇది ఉత్త కొట్ల వరస. ఊరు అయింది ఆ తర్వాతే.

2. తమ కార్యాలయం వారు సదరు భవనమునకు "వీడ్కోలు సంచిక" అని ఒక పుస్తకం అచ్చు వేయించారు. అందులో ఇది ఎవరో ధనవంతుడి గుర్రపుశాల అని ఉన్నది. అట్ట మీద ఫోటో మన భవనానిది కానే కాదు, పక్క ఊరి రైల్వే స్టేషన్‌ది. పెట్టె మోస్తున్న కూలీ కూడా కనిపిస్తున్నాడు. గుమాస్తాగారికి చూపిస్తే, "అన్నీ పాతవే కదా పెద్దాయనా, ఏదైతే ఏంటి?" అన్నారు. చావింటికి వచ్చి వేరే ఎవరి పేరో చెప్పి ఏడ్చినట్టుంది. నాకు రోత పుట్టి ఆ పుస్తకం అక్కడే పారేసి వచ్చాను.

3. ఇంజనీరుగారు తనిఖీ చేసిన విధము: కారు దిగినారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. సుత్తితో మూడు చోట్ల తట్టి, "డొల్ల మోగుతోంది. గోడ లోపలంతా పోయింది. రాసుకో" అన్నారు. నేను పక్కనే ఉండి, "సార్, మోగేది గోడ కాదండీ, పైన సిమెంటు" అన్నాను.

"నువ్వెవరు?"

"ఆ సిమెంటు పూసినవాణ్ణండీ."

"అయితే నోరు మూసుకో."

4. నోరు మూసుకోలేక రాయుచున్నాను. సున్నపు గోడ తాగిన చెమ్మ తాగినట్టే బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకి దారి ఉండదు. లోపలే ఉప్పు పేరుకుని, ఆ సిమెంటును గోడ నుంచి వేలెడు దూరం నెట్టేస్తుంది. ఇంజనీరుగారు తట్టింది ఆ సందు మీద. దుప్పటి మీద తట్టి, పడుకున్నవాడు పోయాడని రాసుకున్నారు. ఆ కాగితం మీద తమరు సంతకం పెట్టారు. ఛీ అనిపించింది. క్షమించవలెను, అనిపించినదే రాసితిని.

5. ఇక నా సంగతి. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే కార్యాలయం నుంచి నాకు పని వచ్చింది. సున్నం నానాలి, గానుగ ఆడాలి, మూడు పూతలు వెయ్యాలి, నెల పడుతుందన్నాను. "మంత్రిగారు ఎల్లుండి వస్తున్నారు. సిమెంటు కొట్టెయ్" అన్నారు. మా నాన్న కూడా సున్నపు మేస్త్రీయే. అప్పటికే చూపు మందగించి ఇంట్లో ఉన్నాడు. "దాని ముక్కూ నోరూ మూసినట్టేరా. ఒప్పుకోకు" అన్నాడు. "ఆర్డరు నాన్నా" అన్నాను. రెండు రోజుల్లో నాలుగు గోడలూ పూసేశాను. ఇనుప గజం అడ్డొస్తే దాని మీద కూడా పూశాను.

మూడో రోజు మా నాన్న వచ్చాడు. అరచేత్తో గోడంతా తడిమాడు. "గజం ఏదిరా?" అన్నాడు. పోయేదాకా నాతో మళ్ళీ పని మాట ఎత్తలేదు. కావున తమ కార్యాలయమంటే నాకున్న అసహ్యంలో సగానికి పైగా నా మీదిదే అని మనవి.

6. ఇంతకు ముందు రాసిన అర్జీ పట్టుకుని పదకొండు సార్లు తిరిగాను. గోడ పొడవు రాయలేదని ఒకసారి తిప్పి పంపారు. రాసి తెస్తే, కొలిచినట్టు సర్టిఫికెట్ కావాలన్నారు. కొలతల భవనానికి!

కావున సోమవారం లోపల తమరు స్వయముగా వచ్చి, తమ ఎదుటనే ఒక్క గజం మేర సిమెంటు తీయుటకు నాకు అనుమతి ఇప్పించ ప్రార్థన. లోపల ఇటుక కూడా డొల్ల మోగితే మొదటి గునపం పోటు నేనే వేస్తాను. గట్టిగా ఉంటే ఉత్తర్వు చింపేయండి. నాలుగు గోడలూ నేనే చెక్కి, మళ్ళీ సున్నం పూస్తాను. కూలి అడగను.

ఇది చిత్తగించవలెను. చిత్తగించి ఫైలులో పెట్టుట కాదు, కుర్చీలోంచి లేవవలెను.

తమ విధేయుడు (సోమవారం వరకు),
సున్నపు మేస్త్రీ

తా.క. పైదంతా నిన్న రాసింది. ఈ ఉదయం ఇద్దామని వస్తే తమరు మీటింగులో ఉన్నారన్నారు. ఇక ఆగలేక ఉలీ సుత్తీ పట్టుకుని భవనం దగ్గరికి పోయాను. రెండు దెబ్బలకే సిమెంటు పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. తమ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్, నా ఉద్యోగం ఊడుతుంది!"

"నీ కర్రతో ఇక్కడ ఒకసారి తట్టు. తర్వాత ఎక్కడికి తీసుకుపోతావో తీసుకుపో" అన్నాను.

సిమెంటు మీద తట్టాడు. ఇటుక మీద తట్టాడు. మళ్ళీ రెండూ తట్టి చూశాడు. నా చెయ్యి వదిలేశాడు.

ఇప్పుడు అక్కడే కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళ చేతికి కర్ర ఇచ్చి తట్టిస్తున్నాడు. నేను ఇటు బయల్దేరేసరికి వరస బజారు మలుపు దాకా ఉంది. మీరూ రండి. కాకపోతే వరసలో నిలబడాలి.