బుధవారం సాయంత్రం నాది

జూన్ 2, సోమవారం
సాయంత్రం డ్యూటీ మళ్లీ నాకే. అయిదు దాటాకే రక్తం శాంపిల్స్ కుప్పలుగా వచ్చిపడతాయి. అయిదు దాటాక ల్యాబ్‌లో ఉండేది నేనొక్కదాన్నే. మిగతావాళ్లకి పిల్లలున్నారు. నాకు పెళ్లి కాలేదు కాబట్టి ఇల్లు కూడా లేనట్టే.

పోయినసారి ఒక్క సాయంత్రం వదలమంటే సీనియర్ మేడమ్ నవ్వి, నీకేం పనుంటుందమ్మా ఇంట్లో అంది. ఆవిడ చెడ్డమనిషేం కాదు. నిజంగానే తెలియక అడిగింది. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

జూన్ 3
స్విమ్మింగ్‌లో పేరు రాయించుకున్నాను. నలభై రెండేళ్లకి! పెద్దవాళ్ల బ్యాచ్ బుధవారం సాయంత్రం ఒక్కటే. నాతో ఉండే మా పిన్ని విని, ఇన్నాళ్లకి నీకోసం ఒక పని చేసుకున్నావంది.

జూన్ 4, ఉదయం
మేడమ్ ఎదుట నిలబడేసరికి ఈత సంగతి చెప్పలేకపోయాను. మా పిన్నికి బాగోలేదండీ, బుధవారాలు నేనే చూసుకోవాలి అనేశాను. అయ్యో, ముందే చెప్పకూడదూ అని వెంటనే ఒప్పుకుంది.

జూన్ 4, ఇంటికొచ్చాక
బోలెడు నీళ్లు మింగాను. ఎంత హాయిగా ఉందో.

జూన్ 12
మా ల్యాబ్‌లో కవల ఆడపిల్లల తల్లి ఒకావిడ ఉంది. మేం కవలలమ్మ అంటాం. పాపం, పిన్ని కోసం సూప్ చేసి తెచ్చింది. పిన్ని రెండు గిన్నెలు తాగేసి, బాగుందే, ఇంతకీ జబ్బెవరికి అని అడిగింది. నేను గిన్నె కడగడానికి లేచాను.

జూన్ 20
కొంప మునిగింది. పిన్ని షుగర్ టెస్టుకి చెప్పాపెట్టకుండా మా ల్యాబ్‌కే వచ్చింది. అదీ మెట్లెక్కి. కవలలమ్మ పరుగున కుర్చీ తెచ్చి, మంచం దిగి మీరెందుకొచ్చారండీ అంది. నాకేం రోగమమ్మా, గుండ్రాయిలా ఉన్నాను, బుధవారం బుధవారం నీళ్లలో పడి కొట్టుకునేది ఇదీ, అని పిన్ని నన్ను చూపించింది.

సిగ్గుతో చచ్చాను. మేడమ్ లోపలికి పిలిచి, అబద్ధం ఎందుకాడావంది. నిజం చెబితే వదలరని అన్నాను. ఈత నేర్చుకుంటున్నానని, నాకోసమేనని, ఇంకే కారణమూ లేదని చెప్పాను. నేను ఇంటికెళ్లాలంటే ఎవరో ఒకరు మంచాన పడాలా మేడమ్ అని కూడా అడిగేశాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, డ్యూటీ చార్ట్ ముందుకి లాక్కుంది. తర్వాత వెళ్లమంది.

ఉద్యోగం పోదనుకుంటా. బుధవారం పోతుంది. అదే ఎక్కువ ఏడుపొస్తోంది.

జూన్ 21
ఏడ్చాను కూడా.

జూన్ 23
గోడమీద కొత్త డ్యూటీ చార్ట్! ఇకమీద సాయంత్రాలు అందరికీ వంతులవారీగా. వారంలో ఒక సాయంత్రం మాత్రం ఎవరికి నచ్చింది వాళ్లు డ్యూటీ లేకుండా రాసుకోవచ్చట, ఎందుకని ఎవరూ అడగకూడదట. కవలలమ్మ మొహం మాడ్చుకుంది. తను డ్యూటీలో ఉంటే పిల్లల్ని ఎవరు చూస్తారంది. వాళ్ల నాన్న లేడా అని మేడమే అంది. మధ్యాహ్నానికి కవలలమ్మే ఆయనకి ఫోన్ చేసి ఒప్పించి, నవ్వుతూ వచ్చింది.

మేడమ్ శుక్రవారం ఎదురుగా తన పేరే రాసుకుంది. ఏం పనో మరి. నేను అడగలేదు. బుధవారం ఎదురుగా నా పేరు నేనే రాశాను, కొంచెం పెద్ద అక్షరాలతో.

జూలై 2, బుధవారం
ఈ సాయంత్రం తన డ్యూటీ చూడమని కవలలమ్మ అడిగింది. కుదరదన్నాను. కారణం చెప్పలేదు. తనూ అడగలేదు.

జుట్టింకా ఆరలేదు.